మడత

ఫ్యాన్లు ఆపించేశారు, కాగితాలు ఎగురుతాయని.
ఇంజనీరింగ్ కాలేజీ డ్రాయింగు హాల్లో
ఐదో నంబరు బల్ల నాది.
బడిలో లెక్కలు చెప్పే దాన్ని గనక
పాతికేసి కట్టలు కట్టడం త్వరగానే పట్టుబడింది.
సముద్రం ఇక్కడికి కనబడదు గానీ
వేళ్ళ కింద మెత్తబడిన కాగితంలో ఉంది.

మొదటి లెక్కకి కుట్టుమిషను నాలుగు ఓట్లు ఎక్కువ.
బీరువా వాళ్ళు మళ్ళీ లెక్కించమన్నారు.
ఆర్వో గారు కళ్ళజోడు తుడుచుకుని
"మొదట్నించీ" అన్నారు. ఆ ఒక్క మాటే.

గేటు బయట కెమెరాల ముందు
బీరువా తరఫు పెద్దమనిషి పైల సింహాద్రప్పడు
మధ్యాహ్నం రెండింటికి:
"నాలుగు ఓట్లు గెలుపేటండి? పొరపాటుకి ముద్దుపేరు."
ఐదింటికి బీరువా మూడు ఓట్లు పైకొచ్చింది.
అదే చొక్కా, అదే మైకు:
"మూడైనా ముప్పై వేలైనా ప్రజాతీర్పు ప్రజాతీర్పే."
కుట్టుమిషను వాళ్ళు అప్పటిదాకా పంచుతున్న
మాడుగుల హల్వా డబ్బాలకి మూతలు పెట్టేసి
ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని
మెట్ల మీద కూర్చున్నారు.
టీ కుర్రాడు అందరికీ ఒకే కెటిల్లోంచి పోశాడు.

మాట ఎటైనా తిరుగుతుంది.
ముద్ర తిరగదు.
ఓటుకి వేసేది స్వస్తిక్, కుడికి తిరిగే బాణాలు.
తడి ఆరకముందే కాగితం మడిస్తే
ఎదురు గడిలో దాని నీడ పడుతుంది.
ఆ నీడ ఎడమకి తిరిగి ఉంటుంది,
అద్దంలో అక్షరంలా.
శిక్షణ రోజున చెప్పారు:
కుడికి తిరిగింది మనిషి వేసింది,
ఎడమకి తిరిగింది మడత వేసింది.
ఇంత ముందుచూపుతో ఆ గుర్తు ఎంచినవాళ్ళెవరో
ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆఖరి కట్ట. పదిహేడో కాగితం.
అప్పటికి ఇద్దరూ సమానం.
రెండు గళ్ళలో రెండు ముద్రలు,
రెండూ చెమటకి పాలిపోయి.
నా నెత్తి మీద ఆరు తలకాయలు వంగాయి.
"రెండిట్లో పడింది, చెల్లదు!"
"నీడ మేడమ్, అది నీడ!"
పొద్దున్న మూడో కట్టలో ఇలాంటిదానికే
వీళ్ళ మాట వాళ్ళు, వాళ్ళ మాట వీళ్ళు అరిచారు.

ఒక సంగతి దాచకూడదు.
నేను ఓటేసింది కుట్టుమిషనుకి.
మా బడి గోడ కూలినప్పుడు
ఎండలో నిలబడి ఇటుకలు దింపించింది
గనగళ్ళ నూకరత్నమే.
కాగితం చేతిలోకి తీసుకోగానే
కుట్టుమిషను మీది ముద్ర
కుడికి తిరిగినట్టే కనబడింది.
కుడికే తిరగాలని కనబడింది.
నా కంటికీ ఎవరో ఏజెంటు పాసు ఇచ్చేశారు.

స్కేలు ఆనించాను. భూతద్దం అడిగాను.
ఒక బాణం వెంట వేలు పోనిచ్చి
మరోసారి, మొదట్నించీ.
"ఇది ఎడమండి" అన్నాను.
ఆర్వో గారు చూసి, తలూపి, బీరువా కట్టలో పెట్టారు.
ఒక్క ఓటు.

రాత్రి వార్తల్లో
ఒక చానెల్లో నేను నిజాయితీకి నిలువుటద్దం,
ఇంకో చానెల్లో అమ్ముడుపోయిన టీచరు.
రెంటిలోనూ నా ఇంటిపేరు తప్పే.

చెల్లని ఓట్లు నలభై మూడు, ఒక కవరులో.
వాటిలో ఒకదానిమీద ముద్ర లేదు.
గళ్ళన్నిటికీ అడ్డంగా పెన్సిలుతో
"కొండమీదికి నీల్లు ఎక్కట్లేదు."
చెల్లదని రెండు పక్షాల ఏజెంట్లూ
ఒకేసారి తలూపారు.
పొద్దుటినుంచీ వాళ్ళకి మాట కలిసింది అక్కడే.
నియమం నియమమే. లక్క నేనే వేశాను.

ఆఖరి బస్సులో కిటికీ పక్కన.
కంచరపాలెం దాటుతుంటే కొండ మీద దీపాలు,
ఒకదాని నెత్తిన ఒకటి.
పెన్సిలు ఏ ఇంట్లో ఉందో.